జూలీ ముద్ద ముట్టడం లేదు

అమలాపురానికి దగ్గర్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఊరూ పేరూ రాయొద్దన్నారు. రాసినావిడకి నలభై ఎనిమిదేళ్లు. కొబ్బరితోట, కొంచెం వరిచేను ఉన్నాయి. ఇంట్లో భర్త, అత్తగారు. ఒక్కడే కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. ఆ అబ్బాయి ఐదో తరగతి చదివేటప్పుడు కాలువగట్టు మీద దొరికిన కుక్కపిల్లని చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చాడట. అదే జూలీ. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్లు. ఏటా రేబీస్ టీకా వేయిస్తూనే ఉన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రం చేయించలేదు.

ఎండాకాలం నుంచే జూలీ చిక్కిపోతూ వచ్చింది. నీళ్లు మాత్రం తెగ తాగేది. దసరా తర్వాత తిండి తగ్గించేసింది. వారం పది రోజులుగా ఇంచుమించు ఏమీ తినడం లేదు. మండలంలోని పశువుల డాక్టరుగారు వచ్చి చూసి రక్తపరీక్ష చేయించారు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టవలసిన మలినం) ఆరు దాటిందనీ, కిడ్నీలు దెబ్బతిన్నాయనీ చెప్పి రెండు రోజులు సెలైన్ పెట్టారు. పెట్టిన రోజు కాస్త తోక ఊపింది, మర్నాటికి మళ్లీ మామూలే. కార్తీకమాసం కాబట్టి ఇంట్లో నీచు వండరు. అయినా ఈవిడ అత్తగారికి తెలియకుండా పాకలో గుడ్డు ఉడకబెట్టి పెట్టారు. అదీ ముట్టలేదు. ఇక ఉండబట్టలేక ఉగ్గుగిన్నెతో రాగిజావ పోయడం మొదలుపెట్టారు. మొన్న ఆ జావ ముక్కులోంచి వచ్చేసి, అరగంట సేపు దగ్గిందట. అప్పటి నుంచి ఈవిడ గిన్నె పట్టుకుని వస్తే చాలు, లేవలేక లేవలేక లేచి గడ్డివాము వెనక్కి పోతోంది.

ఇంట్లో తలో మాట. భర్త ఇంజక్షన్ చేయించేద్దామంటున్నారు. కార్తీకమాసంలో నోరులేని జీవాన్ని చంపుకుంటామా అని అత్తగారు. సంక్రాంతికి వస్తాను, అప్పటిదాకా ఎలాగైనా బతికించు, ఎంతైనా పంపుతాను అని కొడుకు. కుక్క కోసం ఇంత ఏడుపా, మా కుక్క ఈనింది, ఒక పిల్లని పంపిస్తాలే అని పక్కింటావిడ. ఉత్తరం చివర్లో ఈవిడ అడిగింది ఇదీ: "నేను దాన్ని పస్తు పెట్టి చంపుతున్నానా, తినిపించి చంపుతున్నానా? నాకేం అర్థం కావడం లేదు."

ముందు ఆ ఉగ్గుగిన్నె పక్కన పెట్టేయండమ్మా. మిగతావన్నీ మీరు ఆలోచించుకుని తేల్చుకోవలసినవి, ఇది మాత్రం కాదు. జావ ముక్కులోంచి వచ్చి అంతసేపు దగ్గిందంటే కొంత ఊపిరితిత్తుల వైపు వెళ్లి ఉండొచ్చు. నీరసించిన ముసలి కుక్క సరిగా మింగలేదు. అలా దారి తప్పిన జావతో న్యుమోనియా వస్తే కిడ్నీ జబ్బు కంటే ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది, ఆ బాధ చూడలేరు కూడా. ఇప్పటికీ దగ్గుతున్నా, ఒళ్లు కాలుతున్నా, నిద్రలో నిమిషానికి ముప్ఫైసార్లకు మించి డొక్కలు ఎగరేస్తున్నా డాక్టరుగారికి ఇవాళే ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. పస్తు పెట్టడమంటే ఆకలేసిన నోటికి అన్నం పెట్టకపోవడం. జూలీకి ఆకలే లేదు. కుక్కల్లో క్రియాటినిన్ సుమారు ఒకటిన్నర లోపు ఉండాలి. నెలల తరబడి ముదిరిన కిడ్నీ జబ్బులో ఐదు దాటితే ఆఖరి దశ కింద లెక్కేస్తారు. మూత్రంలో పోవలసిన మలినాలు రక్తంలోనే ఉండిపోతాయి కాబట్టి రోజంతా కడుపులో తిప్పుతుంది, నోట్లో పుళ్లు పడతాయి, అన్నం వాసన తగిలితేనే డోకొస్తుంది. అది తినకపోవడం వల్ల ఒళ్లు ఆగిపోవడం లేదు, ఒళ్లు ఆగిపోతోంది కనుక తినడం లేదు. ఈ వరస తారుమారుగా అర్థం చేసుకుంటే ఏ తల్లికైనా గిన్నె పట్టుకుని వెంటపడాలనే అనిపిస్తుంది.

మన గోదావరి జిల్లాల్లో ఇది మరీ కష్టం. మనకి ప్రేమంటే వడ్డించడమే. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే మనుషులం. పెట్టింది తినకపోతే పెట్టినవాళ్లకి చిన్నతనం. అల్లుళ్లు ఈ మర్యాదకి తట్టుకుంటారు కానీ జూలీ తట్టుకోలేదు. పద్నాలుగేళ్లు మీ చేతి ముద్ద కోసం ఎదురుచూసిన కుక్క ఇప్పుడు మిమ్మల్ని చూసి వాము వెనక్కి పోతోందంటే మీ మీద ప్రేమ పోయి కాదు, ఆ గిన్నెకి భయపడి. రెండు రోజులు ఉత్త చేతులతో వెళ్లి దాని పక్కన కూర్చోండి. మళ్లీ దగ్గరికి వస్తుంది.

మీ అత్తగారిని కూడా ఈ విషయంలో సాయం అడగండి. ఆవిడ తరం వాళ్లు ఇంట్లో పెద్దవాళ్లు పోవడం చూసినవాళ్లు. మంచాన పడ్డ మనిషి అన్నం మానేశాక ఎవరూ కుక్కి తినిపించలేదు. చెంచాతో తులసితీర్థం పోసి పెదవులు తడిపారు. జూలీకి చేయవలసిందీ ఇంచుమించు అదే. దూది తడిపి చిగుళ్లు, నాలుక తుడవాలి. నీళ్ల గిన్నె లేవకుండా అందేంత దగ్గరలో ఉండాలి.

అలాగని తిండి పెట్టే ప్రయత్నమే మానేయమనడం లేదు. ఎలా తినడం లేదో గమనించండి. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, మూతి నాక్కుంటూ చొంగ కార్చి తల తిప్పేసుకుంటే అది వికారం. దానికి మందులున్నాయి. మారోపిటాంట్ ఇంజక్షన్ గానీ, ఓండాన్‌సెట్రాన్ గానీ ఇవ్వొచ్చేమో డాక్టరుగారిని అడగండి. వికారం తగ్గితే కొన్ని కుక్కలు కొన్నాళ్లు మళ్లీ నాలుగు ముద్దలు తింటాయి. నోట్లో పెట్టుకుని జారవిడిచినా, ఒక వైపే నమిలినా పంటి బాధో నోటి పుండో ఉంది. అసలు గిన్నె వైపే చూడకపోతే బలవంతం వద్దు. పెట్టేది కొంచెం గోరువెచ్చగా, మెత్తగా, అరచేతిలో పెట్టండి. వాసన తెలుస్తుంది. పావుగంటలో తినకపోతే తీసేయండి, దాని ముక్కు దగ్గరే ఉంచితే వికారం పెరుగుతుంది. ఈ దశలో పథ్యం లెక్కలు పక్కన పెట్టొచ్చు. గుడ్డు, ఎముకలు తీసిన చేప, పెరుగన్నం, ఏది నాకితే అది. ఎండుచేప వాసనకి లేస్తుందని పెట్టకండి, అందులో ఉప్పు ఎక్కువ. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, పాడైన కిడ్నీలకి అది ప్రమాదం కావొచ్చు. మన తోటలో కాయే కదా అని పట్టకుండా డాక్టరుని అడగండి. ఇంకొకటి, మీవారి మోకాళ్ల నొప్పి బిళ్లలు దానికి ఎప్పుడూ వేయకండి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కుక్క కిడ్నీలనీ పేగులనీ దెబ్బతీస్తాయి.

ఒక్క సందేహం తీర్చుకున్నాకే "ఇక ఇంతే" అనుకోండి. ఆరు నెలలుగా చిక్కిపోవడం, నీళ్లు ఎక్కువ తాగడం చూస్తే ఇది పాత కిడ్నీ జబ్బు ముదిరినట్టే ఉంది. కానీ మనది వరిపొలాలు, ఎలుకలు, నిలవనీరు ఉన్న సీమ. ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కిడ్నీలని ఒక్కసారిగా పాడుచేస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కూడా తిండి మాన్పిస్తుంది. ఈ రెండిటికీ మందులున్నాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము పట్టడం ఇంకొకటి. దానికీ ఇవే లక్షణాలు: నీళ్లు తెగ తాగడం, తిండి మానడం, వాంతులు. కడుపు స్కాన్‌లో తెలిసిపోతుంది. ఇవి చూశారా అని డాక్టరుగారిని మర్యాదగానే అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకోకండి. లెప్టో మనుషులకి కూడా అంటుతుంది కాబట్టి దాని మూత్రం తుడిచేటప్పుడు మీరూ అత్తగారూ చేతులకి తొడుగులు వేసుకోండి. టీకాలు వేయించారు కాబట్టి మీకు రేబీస్ భయం చెప్పడం లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్లు, టీకా లేని కుక్క ఉన్నట్టుండి తిండి మానేసి, మింగలేక చొంగ కారుస్తుంటే నోట్లో చెయ్యి మాత్రం పెట్టకండి.

సరే, ఇవన్నీ చూశారు, కిడ్నీలే అని తేలింది. అప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఇంకో గట్టి ప్రయత్నం. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉన్న క్లినిక్‌కి గానీ, విజయవాడ దగ్గర గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ తీసుకెళ్లి కొన్ని రోజులు వరసగా సెలైన్ పెట్టించడం. మీ అబ్బాయి మనసుకి ఇదే కావాలి. వెళ్తే గడువు పెట్టుకుని వెళ్లండి. మూడు రోజుల్లో క్రియాటినిన్ చెప్పుకోదగ్గంతగా దిగకపోతే, తిండి ముట్టకపోతే ఆపేస్తామని ముందే అనుకోండి. లేకపోతే ఒక సీసా తర్వాత ఇంకో సీసా, అలా సాగుతూనే ఉంటుంది. గన్నవరమంటే కారులో మూడు నాలుగు గంటలు. అంత ప్రయాణం తట్టుకుంటుందా, తెలియని చోట ఇనుప బల్ల మీద పోతే మీరు తట్టుకుంటారా అన్నది కూడా లెక్కలో వేసుకోండి. డబ్బు సంగతి అబ్బాయి చూసుకుంటాడు కానీ, పక్కన ఉండవలసింది మీరు.

రెండు, ఇంట్లోనే సుఖంగా ఉంచడం. వికారానికి, నొప్పికి మందు, అవసరమైతే చర్మం కింద సెలైన్. ఈ సెలైన్ ఎలా పెట్టాలో డాక్టరుగారు చూపిస్తే ఇంట్లో మనమే పెట్టొచ్చు. పడుకునే చోట గోనెసంచుల మీద మెత్తటి బొంత పరవండి. తనంతట తాను తిరగలేకపోతే మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే పుళ్లు పడతాయి. వానలు తగ్గలేదు, ఈగలు ముసిరే కాలం. తడిసిన వెంట్రుకల్లో, పుండులో ఒక్క రోజులో పురుగులు పడతాయి. తోక కింద రోజూ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి ఆరబెట్టండి, దోమతెర కట్టండి. వాము వెనక పడుకుంటానంటే అక్కడే పడుకోనివ్వండి కానీ బోదె వైపు తడికో చెక్కో అడ్డం పెట్టండి. నీరసంగా ఉన్న కుక్క జారిపడితే ఎక్కలేదు.

ఈ దారికీ ఒక ధర ఉంది, అది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. "దాని ఆయువు తీరితే అదే పోతుంది" అనడం తేలికే. నిద్రలో పోతుందనే అందరి ఆశ. కొన్ని అలాగే పోతాయి. కానీ కిడ్నీ జబ్బుతో చాలావాటికి చివర్లో వాంతులు, నల్లటి విరేచనాలు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అవి రాత్రి పన్నెండింటికి వస్తే ఊళ్లో డాక్టరు దొరకరు. అలాంటి రాత్రి వస్తే ఏం చేయాలో, ఏ మందు దగ్గర ఉంచుకోవాలో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

మూడు, మీవారు చెప్పిన ఇంజక్షన్. దీని గురించి భయాలే తప్ప వివరాలు తెలిసినవాళ్లు తక్కువ. సరిగా చేస్తే ముందు మత్తు ఇస్తారు. అది నిద్రలోకి జారుకున్నాక నరంలోకి ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది, కొన్ని నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరుచుకునే ఉండొచ్చు, ఒకటి రెండు ఎగశ్వాసలు రావొచ్చు, మూత్రం పోవొచ్చు. ఇవి బాధ వల్ల కాదు, అప్పటికే దానికి ఏమీ తెలియదు. అర్హత ఉన్న పశువైద్యుడే చేయాలి. "ముందు మత్తు ఇచ్చాకే కదా?" అని నోరు తెరిచి అడగండి. స్పృహలో ఉండగా ఏదో ఒకటి ఎక్కించి పని ముగించే మనుషులు ఇంకా ఉన్నారు. అది కారుణ్యం కాదు. మీ డాక్టరుగారు తాను చేయనంటే చేసేవాళ్లెవరో ఆయన్నే అడగండి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకి ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు.

నన్నడిగితే రెండో దారిలో మొదలుపెట్టి, మూడోదాన్ని సిద్ధంగా ఉంచుకోండి అంటాను. రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలని లేదు. ఎప్పుడు మారాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి, ఏడుస్తూ తేల్చుకునే విషయం కాదది. గోడ మీది క్యాలెండర్లో రోజూ ఒక గుర్తు పెట్టండి. మిమ్మల్ని చూసి తోక కదిపిందా, నీళ్లు తాగిందా, కాసేపైనా ప్రశాంతంగా నిద్రపోయిందా? అయితే అది మంచి రోజు. మూలుగుతూ, వాంతులతో, తన మూత్రంలో తానే పడి ఉంటే చెడ్డ రోజు. వరసగా చెడ్డ రోజులే వస్తున్నా, నీళ్లు కూడా మానేసినా, ఫిట్స్ వచ్చినా డాక్టరుని పిలుస్తాం అని ఇంట్లో ముగ్గురూ ఒక మాట మీదికి రండి. ఆ గుర్తులు మీరొక్కరే పెట్టకండి, మీవారిని కూడా పెట్టమనండి. మీకు మంచి రోజుగా కనిపించింది ఆయనకి అలా కనిపించకపోవచ్చు.

మీవారిని రాతిమనిషి అనుకోకండి. ఉత్తరంలో ఆయన గురించి రెండే మాటలు రాశారు, రెండూ కోపంగానే ఉన్నాయి. మూలుగు వినలేక ఇంజక్షన్ అంటున్న మనిషికీ, మూలుగు వినలేక జావ పోస్తున్న మీకూ తేడా నాకు పెద్దగా కనిపించలేదు.

అత్తగారి మాట వేరు. పాపపుణ్యాల లెక్క తేల్చే అర్హత నాకు లేదు. కుక్కని విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ కథ నమ్ముకున్నదాన్ని వదిలేయొద్దంటుంది కానీ ఇంజక్షన్ వద్దనీ చెప్పదు, చేయించమనీ చెప్పదు. ఆవిడకి అంత పట్టింపు ఉంటే, జూలీ మరీ బాధపడని పక్షంలో, పౌర్ణమో మాసమో వెళ్లేదాకా మందులతో నెట్టుకురావడంలో తప్పు లేదు. జూలీ బాధపడుతుంటే మాత్రం తిథి చూడకూడదు. ఈ మాట మీరు చెబితే కోడలి మాట అవుతుంది, ఆవిడ కొడుకుతో, అంటే మీవారితో చెప్పించండి.

మీ అబ్బాయికి ఈ రాత్రే నిజం చెప్పండి. "బాగానే ఉంది నాన్నా, కొంచెం తగ్గింది" అని మీరు ఫోన్లో అంటున్నంత కాలం అతను సంక్రాంతి అనే అంటాడు. ఆ పరీక్ష కాగితం ఫోటో తీసి పంపండి. సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది. ఈ అంకెతో, తిండి లేకుండా అన్నాళ్లు ఉండటం జరిగే పని కాదు. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే మర్నాటికి రావులపాలెంలో దిగొచ్చు. ఈ శనివారం రమ్మనండి. రాలేకపోతే, చివరి నిర్ణయం అమ్మానాన్నలదే, తర్వాత తప్పుపట్టను అన్న మాట తీసుకోండి. ఎక్కడో ఉండి సెలైన్ పెట్టించమనడం సులువు. పిల్లని చొక్కాలో తెచ్చిన పిల్లాడికి అది తెలియక కాదు, చూడలేక అంటున్నాడు.

పోయాక ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే అనుకోండి, ఆ పూట కాళ్లూ చేతులూ ఆడవు. కాలువలో పడేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ నీళ్లే ఇంకో ఊరి మంచినీళ్ల చెరువుకి వెళ్తాయి. తోటలో మెరక చూసి, బోరుకీ చెరువుకీ దూరంగా గొయ్యి తీయించండి. లంక నేలల్లో, పల్లపు చేలల్లో రెండడుగులకే నీరు ఊరుతుంది కాబట్టి చోటు ముందే చూసుకోవడం మంచిది. నాలుగడుగుల లోతుంటే వేరే కుక్కలు తవ్వవు. ఇంజక్షన్ చేయించినట్టయితే ఈ లోతు మరీ ముఖ్యం, ఆ మందు ఒంట్లో ఉండిపోతుంది, తిన్న కుక్కకీ గద్దకీ ప్రమాదం.

ఇక పక్కింటావిడ పంపుతానన్న పిల్ల. ఇప్పుడు వద్దని చెప్పేయండి. లేవలేని ముసలిదాని మీద ఎగిరి గంతులేసే పిల్లని తెచ్చిపెట్టడం జూలీకి శిక్ష. మీకూ ఇప్పుడు దాన్ని చూసుకునే ఓపిక ఉండదు. ఆవిడకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఏడుపు ఆపడానికి తనకు తెలిసిన ఉపాయం అది. మీరు ఏడిస్తే ఏడవండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాతెప్పుడో మళ్లీ ఒక పిల్ల కావాలనిపిస్తే, రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గర ఉంచి, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకా వేయించి పంపమనండి. ఈసారి ఆపరేషన్ కూడా చేయించండి. అనిపించకపోతే ఆ పిల్లలకి వేరే ఇళ్లు దొరుకుతాయి.